"మాకు సదువు రాదు సార్, మేమేం జూస్తం?"

మా ఊరి ప్రైమరీ స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నేను ఆ బడి కమిటీలో సభ్యురాలిని. ఊరు హన్మకొండ నుంచి ఆటోలో ముప్పావు గంట దూరం. మొన్న నవంబరు మీటింగుకు పదకొండు మంది వచ్చారు, అందులో తొమ్మిది మంది తల్లులే. ఒకామె లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. పొద్దున్నుంచి పత్తి ఏరి వచ్చినట్టుంది, చేతుల నిండా కాయలు గీరిన గీతలున్నాయి. సార్ కొడుకు ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది. "మాకు సదువు రాదు సార్, మేమేం జూస్తం? మీరే జూడాలె" అని వెళ్ళిపోయింది. మొత్తం కలిపి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మా అమ్మకూ సంతకం రాదు. అయినా నేను చదువుకున్నానంటే సగం కారణం ఆమే. రాత్రి అన్నాలు తినేటప్పుడు "ఇయ్యాల బడిల ఏం జెప్పిండ్రు బిడ్డా?" అని అడిగేది. నేను చెప్తుంటే మధ్యలో ఆపి "గట్లెందుకైతది?" అనేది. వాన ఎట్లా పడుతుందో, అక్బర్ ఎవరో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు నాకు అర్థమై ఉండాలి కదా. కాకపోతే మర్నాడు సార్‌ను అడగాల్సి వచ్చేది. మా అమ్మ చేసింది ఏమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చదివినప్పుడు తెలిసింది.

"పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్ర" అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం. కానీ దాని కింద ఒకదానికొకటి పోలిక లేని పనులు చాలా ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకురాలు జాయిస్ ఎప్‌స్టీన్ వీటిని ఆరు రకాలుగా విడగొట్టారు. ఇంట్లో పిల్లల ఆలనాపాలనా ఒకటి, బడితో మాటామంతీ ఇంకొకటి. బడి పనుల్లో చేయి వేయడం, ఇంటి దగ్గర చదువుకు సాయపడటం, బడి నిర్ణయాల్లో పాలు పంచుకోవడం, ఊరి వనరులను బడికి కలపడం మిగతావి. ఈ ఆరింటిలో అక్షరం ముక్క తప్పనిసరిగా కావాల్సినవి ఎన్నో ఒక్కసారి లెక్క వేసుకోండి. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ తల్లి మాత్రం నాలుగోదాన్ని ఒక్కదాన్నే, అదీ హోంవర్క్ చేయించడాన్నే, మొత్తం పాత్ర అనుకుంటోంది. ఆమే కాదు, ప్రోగ్రెస్ కార్డు ఇచ్చిన సారూ అట్లాగే అనుకుంటున్నాడు. ట్యూషన్ ఫీజు కడితే బాధ్యత తీరిందనుకునే హన్మకొండ ఉద్యోగస్తులదీ అదే లెక్క.

హోంవర్క్ చిక్కుముడి

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 50 అధ్యయనాలను కలిపి చూశారు. అవన్నీ మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసు పిల్లల గురించినవి. చదువు ఎందుకో పిల్లలతో మాట్లాడటం, వాళ్ళ మీద నమ్మకం పెట్టుకోవడం, ముందు ముందు ఏం కావాలనుకుంటున్నారో అడిగి దానికీ ఈరోజు పాఠానికీ సంబంధం చూపించడం, ఇవన్నీ మంచి ఫలితాలతో ఎక్కువగా ముడిపడి కనిపించాయి. బడికి వెళ్ళి రావడానికి కూడా మంచి సంబంధమే ఉంది, కానీ అంత కాదు. హోంవర్క్‌లో సాయం చేయడం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. తల్లిదండ్రులు ఎక్కువ సాయం చేస్తున్న చోట పిల్లల మార్కులు కొంచెం తక్కువగా ఉన్నాయి.

దీన్ని చూసి హోంవర్క్ చేయిస్తే పిల్లలు పాడవుతారని అనుకోవడం తొందరపాటు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళలో జబ్బు మనుషులే ఎక్కువ. అంతమాత్రాన ఎంజీఎం వల్ల జబ్బు వచ్చిందనం కదా. పిల్లాడు వెనకబడ్డాడని తెలిశాకే చాలామంది తల్లిదండ్రులు పక్కన కూర్చుంటారు. కాబట్టి సాయం ఎక్కువ, మార్కులు తక్కువ ఒకే ఇంట్లో కనపడటంలో ఆశ్చర్యం లేదు.

కానీ కారణం అంతా అదే అని కూడా చెప్పలేం. సాయం పేరుతో ఇళ్ళల్లో జరిగేది నేను చూస్తూనే ఉన్నాను. తండ్రి తనకు నేర్పిన పద్ధతిలో భాగహారం చేయిస్తాడు, బడిలో టీచర్ వేరే పద్ధతి చెప్పి ఉంటుంది. పిల్లకు రెండూ కలగాపులగం అవుతాయి. తొమ్మిదైపోతోందని తల్లి తనే జవాబులు చెప్పి రాయిస్తుంది. మర్నాడు నోట్‌బుక్కులో అన్నీ రైట్ మార్కులే, టీచర్‌కేమో పిల్లకు వచ్చేసిందనిపిస్తుంది. ఆఖరికి కేకలు, ఓ దెబ్బ, ఏడుపు. ఏడుస్తూ చేసిన లెక్క ఏ పిల్లకూ గుర్తుండదు. చేసేదంతా ప్రేమతోనే చేస్తారు, అందుకే చూడటానికి మరీ బాధగా ఉంటుంది.

హోంవర్క్ విషయంలో తల్లిదండ్రులు నిశ్చింతగా చేయగలిగినవి వేరే ఉన్నాయి. రోజూ ఒకే వేళ, ఒకే చోటు. ఆ గంట టీవీ బంద్, ఫోన్ పక్కన. "ఎక్కడ ఆగినవ్? గక్కడిదాక ఎట్లొచ్చినవో నాకు చెప్పు" అని అడగడం. రాకపోతే ఆ లెక్క పక్కన చుక్క పెట్టి వదిలేసి, రేపు టీచర్‌ను అడగమనడం. ఆ చుక్క టీచర్‌కు చాలా పనికొస్తుంది. పిల్ల ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు తెలుస్తుంది.

చదువురాని ఇంట్లో ఏముంది?

బీహార్, రాజస్థాన్ పల్లెల్లో రుక్మిణీ బెనర్జీ, జేమ్స్ బెర్రీ, మార్క్ షాట్లాండ్ ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కొన్ని చోట్ల తల్లులకు అక్షరాలు నేర్పారు. ఇంకొన్ని చోట్ల అక్షరాల జోలికి పోకుండా, ఇంటికి వెళ్ళి పిల్లలతో చేయించగల చిన్న చిన్న పనులు చూపించారు. మరికొన్ని చోట్ల రెండూ చేశారు. తల్లుల చదువు పెరిగింది, పిల్లల చదువులో వాళ్ళ జోక్యం కూడా పెరిగింది. పిల్లలకు లెక్కల్లో మెరుగుదల వచ్చింది. అది కొద్దిపాటిదే, పెద్దది చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ అక్షరం రాని తల్లి కూడా పిల్ల చదువు పట్టించుకోగలదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

మన వైపు ఇళ్ళల్లో ఏముందో చూద్దాం. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకపోయిన నాయన సాయంత్రం తక్‌పట్టీ తెచ్చి దూలం మీద పెడతాడు. అందులో తూకం, రేటు, హమాలీ, మిగతా కోతలు, చివరికి చేతికొచ్చిన మొత్తం అన్నీ ఉంటాయి. 8 క్వింటాళ్ళ 40 కిలోలు, క్వింటాలుకు 7,000 అయితే ఎంత కావాలి? 58,800. కోతలు పోను ఎంత మిగలాలి, కాగితంలో ఎంతుంది? ఐదో తరగతి పిల్లకు దశాంశాలు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. పైగా ఇది ఆ ఇంటికి నిజంగా కావాల్సిన లెక్క. నాయనకు రాయడం రాకపోయినా నోటి లెక్క బాగా వస్తుంది. పిల్ల కాగితం మీద, ఆయన నోటితో చేసి సరిచూసుకోవచ్చు. పొదుపు సంఘం పాస్‌బుక్కు, కిరాణా ఉద్దెర చిట్టా, బీడీల లెక్క ఏదైనా ఇదే విధంగా పనికొస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే తల్లులు కట్టలు లెక్కపెడుతూనే ఉంటారు. పక్కన కూర్చున్న పిల్ల ఆ లెక్క అందుకోగలదు.

భాష సంగతి కూడా చెప్పాలి. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్ళల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. తెలుగు చదివిన తల్లిదండ్రులు కూడా అప్పటినుంచి ఒక అడుగు వెనక్కి వేశారు. "మాకు ఇంగ్లీష్ రాదు కదా" అని. అప్పుడే వచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న సంగతి చాలామంది తల్లిదండ్రులు గమనించనే లేదు. తెలుగు పేజీ చదివించుకొని వినండి. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు వైపు కోయ, ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే ఇళ్ళకు తెలుగు కూడా బడి భాషే. ఆ పిల్లలతో ఇంటి భాషలోనే మాట్లాడాలి. పాఠం తమ భాషలో తిరిగి చెప్పగలిగిన పిల్లకు విషయం అర్థమైనట్టే, మాటలు తర్వాత వస్తాయి. ఇంట్లో రాని ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడే ప్రయత్నంలో పిల్లలతో అసలు మాటలే తగ్గిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అది చాలా నష్టం.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి సెలవు రోజు ఫోన్ చేసి "మంచిగ సదువుతున్నవా?" అంటే "ఆఁ" అనే జవాబు వస్తుంది. "ఈ వారం లెక్కల్ల కొత్తది ఏం జెప్పిండ్రు? నాకు జెప్పు" అంటే ఐదు నిమిషాలు మాట్లాడతాడు. సింగరేణిలో నైట్ షిఫ్ట్ చేసే తండ్రి పిల్ల బడికి వెళ్ళే ముందు పది నిమిషాలు మేలుకొని ఉన్నా చాలు. అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల విషయంలో మీటింగుకు అమ్మమ్మనే పిలవాలి. "తల్లిదండ్రులు రాలేదు" అని రిజిస్టర్‌లో రాసి ఊరుకోకూడదు.

ఏరుడు కాలం

పంట ఏరే రోజుల్లో పిల్ల బడి మానడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ప్రైమరీ బడిలో అన్నిటికన్నా పెద్దది ఇదే అని నా నమ్మకం. దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి, తర్వాత మిర్చి. కైకిలికి మనుషులు దొరకరు, వాన భయం. పెద్ద పిల్లను వారానికి రెండు రోజులు ఆపుకుంటారు. ఆమె చేనులోకి పోకపోయినా తమ్ముడిని చూసుకుంటూ ఇంట్లో ఉంటుంది. వారానికి రెండు చొప్పున పది వారాలంటే 20 రోజులు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడికి ఏడాదికి 200 పనిదినాలు. అంటే పదో వంతు పోయింది. అదీ వరుసగా పోలేదు, ముక్కలు ముక్కలుగా పోయింది. సోమవారం మొదలైన పాఠం బుధవారం ముగిస్తే, మంగళవారం లేని పిల్లకు రెండు చివరలూ అర్థం కావు. తీసివేతలో "అప్పు తెచ్చుకోవడం" ఆ ఒక్కరోజే చెప్పి ఉంటే ఏడాదంతా తప్పులే చేస్తుంది.

పేదవాళ్ళకు పిల్లల చదువు పట్టదని ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్ళే అనేవారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో శాంతా సిన్హా చేసిన పని ఆ మాటను తప్పని చూపించింది. దారి చూపిస్తే, పక్కన నిలబడితే, జీతానికి పెట్టిన పిల్లల్ని కూడా తల్లిదండ్రులు మాన్పించి బడికి పంపారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. మా ఊళ్ళోనూ నేను చూస్తున్నది అదే. పిల్ల ఆగిపోవడానికి కారణం తల్లికి పట్టకపోవడం కాదు, చిన్నోణ్ణి చూసేవాళ్ళు లేకపోవడం. అంగన్‌వాడీ సమయానికి తెరుచుకుంటే మా ఊళ్ళో ముగ్గురు ఆడపిల్లలు రోజూ బడిలో ఉంటారు. ఇది తల్లి ఒక్కతే సరిచేయగలిగింది కాదు.

బడి తలుపు ఎవరు తీయాలి?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. బడి ఎట్లా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధులు ఎట్లా ఖర్చవుతున్నాయో గమనించడం వాళ్ళ పని. 2024లో మన రాష్ట్రంలో మహిళా సంఘాలను ముందు పెట్టి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వేశారు, మరమ్మతులు, యూనిఫాం కుట్టే పనులు వాళ్ళకిచ్చారు. కాగితం మీద చూస్తే తల్లులకు ఇంత అధికారం ఇంకెక్కడా లేదు.

కానీ కమిటీ ఉన్నంత మాత్రాన పిల్లలకు చదవడం రాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 280 ఊళ్ళల్లో దీన్ని పరీక్షించి చూసింది. అసలు బడికి కమిటీ ఉందనే చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమన్న సంగతి తెలియదు. ఊరి మీటింగులు పెట్టి హక్కుల గురించి చెప్పారు, పిల్లలకు చదవడం ఎంత వచ్చో పరీక్షించే పద్ధతి కూడా నేర్పారు. సర్కారు బడిలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. ఆ ఊళ్ళోనే చదువుకున్న యువకులకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి సాయంత్రం చదివించే శిబిరాలు పెట్టిన చోట మాత్రం, వచ్చిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు. "మీకు హక్కుంది" అని చెప్తే జనం కదల్లేదు. "మీరు ఈ పని చేయగలరు" అని చేయదగ్గ పని చూపిస్తే కదిలారు. నేను కమిటీలో చేరిన మొదటి ఏడాది నాకు తెలిసింది సంతకం పెట్టే చోటు ఒక్కటే, కాబట్టి ఈ ఫలితం చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

చిలీ దేశంలో ఇంకా చిన్న పని చేసి చూశారు. పేద కుటుంబాల పిల్లలు చదివే బళ్ళ నుంచి తల్లిదండ్రుల ఫోన్లకు క్రమం తప్పకుండా మెసేజ్‌లు పంపారు. హాజరు, మార్కులు, ప్రవర్తన, అంతే. హాజరు పెరిగింది, లెక్కల్లో మార్కులు పెరిగాయి. మన బళ్ళకు వాట్సాప్ గ్రూపులు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో ఫొటోలు, సెలవు కబుర్లు తప్ప ఇంకేమీ రావు. చదువురాని తల్లికి టీచర్ ఒక ఇరవై సెకన్ల వాయిస్ మెసేజ్ పంపితే చాలు. "అమ్మా, మీ బాబు ఈ వారం రెండు రోజులు రాలేదు. చదవడంలో ఒత్తుల దగ్గర ఆగుతున్నడు." ఇందులో ఖర్చేమీ లేదు. అయితే రెండు తరగతులను ఒక్కడే చూసుకునే సారుకు ఇది ఇంకో పని అన్న సంగతి కూడా నాకు తెలుసు. అందుకే నెలకు అందరికీ పంపమనను, వెనకబడ్డ ఐదారుగురి ఇళ్ళకు పంపమంటాను.

పెద్ద తరగతుల్లో

ఏడెనిమిది తరగతులు దాటాక తల్లిదండ్రుల పని మారిపోతుంది. పక్కన కూర్చోవడం తగ్గాలి, మాట్లాడటం పెరగాలి. మన దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. 2022లో వరంగల్ యునెస్కో లెర్నింగ్ సిటీస్ నెట్‌వర్క్‌లో చేరింది, అది మనకు గర్వకారణమే. కానీ హన్మకొండలో ఏ రోడ్డులో నడిచినా ర్యాంకుల ఫ్లెక్సీలే. పదో తరగతి పిల్లతో ఇంట్లో జరిగే సంభాషణ అంతా "ఎన్నొచ్చినయ్?" దగ్గర మొదలై "పక్కింటి పిల్లకు ఎన్ని?" దగ్గర ముగుస్తుంది. దీన్ని పట్టించుకోవడం అనుకుంటున్నాం. పిల్లకు మిగిలేది టెన్షనే.

పిల్లల్ని "నువ్వు తెలివైనదానివి" అని మెచ్చుకోవడం కూడా ఆలోచించి చేయాలని 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ చేసిన ప్రయోగాలు చెప్తున్నాయి. తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత తేలిక లెక్కలు ఎంచుకున్నారు, కష్టమైనది వచ్చి తప్పినప్పుడు త్వరగా నీరుగారిపోయారు. చేసిన కృషిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవాటికి ముందుకొచ్చారు. నిద్ర సంగతీ అంతే. పదమూడు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెప్తారు. పొద్దున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండింటిదాకా కూర్చోబెడితే ఆ లెక్క ఎక్కడా కుదరదు. హాస్టల్లో ఉన్న పిల్లను చూడటానికి నెలకోసారి వెళ్ళినప్పుడు సకినాలు, పచ్చడితోపాటు ఈ ప్రశ్నలు కూడా తీసుకెళ్ళండి. నిద్ర పడుతోందా, ఎవరితో కూర్చుంటున్నావు, ఏ సబ్జెక్ట్ వదిలేయాలనిపిస్తోంది. ఫలితాలు వచ్చిన రోజు పిల్లను ఒంటరిగా వదలొద్దు. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ మానసిక ఆరోగ్య సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొన్న నెలలో మా కమిటీ తరఫున ఒక మార్పు చేశాం. మీటింగును మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఆరున్నరకు, బడి నుంచి మహిళా సంఘం బిల్డింగ్‌కు మార్చాం. అందరి ముందు మార్కులు చదవడం మానేశాం. ఒక్కో తల్లికి సార్ నోట్‌బుక్కు తెరిచి ఒక మంచి పేజీ, ఒక ఆగిపోయిన పేజీ చూపించాడు. ఆ తర్వాత ఇంట్లో చేయాల్సిన ఒకే ఒక పని చెప్పాడు. ఇరవై ఆరు మంది వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడిన ఆమె కూడా వచ్చింది, ఈసారి లోపల చాప మీద కూర్చుంది. కొడుకు రోజూ పది నిమిషాలు గట్టిగా చదువుతుంటే వినాలని సార్ చెప్పాడు.

"వాడు తప్పు సదివితే నాకెట్ల తెలుస్తది సార్?" అని అడిగింది.

"తప్పు నీకు తెల్వక్కర్లేదమ్మా. యాడ ఆగుతుండో, యాడ గుటకలు మింగుతుండో తెలుస్తది గదా. గక్కడ పెన్సిల్‌తోని గీత గీయమను. సోమవారం ఆ గీతలు నాకు సూపియ్యుమను."

పోయిన సోమవారం ఆ పిల్లాడి తెలుగు వాచకంలో ఒక్క పాఠానికే పద్నాలుగు గీతలు ఉన్నాయి. అందులో పదకొండు ఒత్తు అక్షరాల దగ్గరే.